సబ్బు నీళ్లు తగిలిన చోట

ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య పథకం 2003 నవంబరులో మొదలయ్యేనాటికి నేను హైదరాబాదు శివార్లలో డ్రిప్ పైపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తున్నాను. రైతులకు రాయితీ మీద డ్రిప్ పరికరాలు అందించే ఆ పథకం వచ్చాక మా మిషన్లకు రాత్రీ పగలూ తేడా లేకుండా పోయింది. లేటరల్ అని పిలిచే 16 మిల్లీమీటర్ల నల్ల పైపు చుట్టలు చుట్టలుగా లారీలెక్కి అనంతపురానికీ కడపకూ నల్గొండకూ మహబూబ్‌నగర్‌కూ వెళ్లేది. నీటికి ముఖం వాచిన నేలల్లోకి నా చేతుల మీదుగా వెళ్తున్న సరుకది. ప్లాస్టిక్స్ ఇంజనీరింగ్ చదివినందుకు ఇంతకన్నా తృప్తి ఇంకెక్కడ దొరుకుతుంది అనుకునేదాన్ని.

ఆ రోజుల్లో చూసిన ఒక పగులు గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. పాలిథీన్‌తో పనిచేసేవాళ్లు దాన్ని స్ట్రెస్ క్రాకింగ్ అంటారు. దాని సంగతి తెలిసినవాళ్లలో చాలామంది చేలలోకి దిగలేదు. చేలలో ఉన్నవాళ్లకు ఆ సంగతి చేరలేదు. రెండు వైపులా కళ్లారా చూసినదాన్ని కనుక రాస్తున్నాను.

2006 ఎండాకాలంలో అనంతపురం జిల్లా నుంచి ఫిర్యాదులు రావడం మొదలైంది. పైపులు జాయింట్ల దగ్గర చీలుతున్నాయట. డీలర్లు పంపిన కాగితాల్లో కారణాలు కూడా వాళ్లే రాసేశారు: ఉడతలు కొరికాయి, ఎండకు పెళుసుబారాయి, రైతు సరిగా చూసుకోలేదు. ఏ కాగితంతోనూ పైపు ముక్క మాత్రం రాలేదు. ముక్క చూడకుండా సంతకం పెట్టనన్నాను. మార్కెటింగ్ ఆఫీసరు కాస్త విసుక్కుని, "అయితే మీరే వచ్చి చూడండి మేడమ్" అన్నాడు. అలా గార్లదిన్నె వైపు చీనీ (బత్తాయి) తోటలకు వెళ్లాను.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా అది. చీనీ చెట్టుకు బోరే దిక్కు. ఎండాకాలం నీళ్లు తప్పితే పిందె రాలిపోతుంది, ఇంకా తప్పితే చెట్టే ఎండిపోతుంది. మేం వెళ్లిన తోట యజమాని యాభై దాటిన మనిషి. మమ్మల్ని చూడగానే పలకరింపుల్లేకుండా నేరుగా చెట్ల వరసల్లోకి తీసుకెళ్లాడు.

"చూడమ్మా, చెట్టుకు పోవల్సిన నీళ్లు ఈడ గుంట కడ్తాండాయి. బోరు రెండు గంటలు పోస్తే గొప్ప. ఆ నీళ్లన్నీ జాయింట్ల కాడే పాయ."

ఆఫీసరు ఉడతల మాట ఎత్తాడు. రైతు నా వైపే చూస్తూ జవాబిచ్చాడు. "ఉడత ఎతుక్కోని జాయింటు కాడనే కొరుకుతాదా అమ్మా? నడిమిట్ల పైపు దానికి రుచి లేదా?"

ఆ ప్రశ్నలో మా ల్యాబులో ఎవరూ అడగని తర్కం ఉంది. వరసల వెంట మట్టిలో కూర్చుని, రెండు పైపుల్ని కలిపే జాయినర్లు ఒక్కొక్కటే తీసి చూశాను. ఉడత కొరికిన చోట పంటి గాట్లు ఉంటాయి, అంచు చిరుగులుగా ఉంటుంది. ఇక్కడ గాటు లేదు. పైపు చివర జాయినర్ గట్ల మీదికి ఎక్కిన చోట, పొడవునా సన్నని చీలిక. విప్పి చూస్తే చీలిన ముఖం నున్నగా ఉంది. మామూలుగా పాలిథీన్‌ను లాగితే సాగుతుంది, సాగిన చోట పలచబడి తెల్లబారుతుంది, ఆ తర్వాతే తెగుతుంది. ఈ చీలిక పక్కన సాగిన జాడే లేదు. ఎండ సంగతి తేల్చుకోవడానికి చీలికకు జానెడు దూరంలో ఒక ముక్క కోసి రెండు చేతులా లాగాను. కొత్త పైపు ఎలా సాగుతుందో అలాగే సాగింది. ఎండకు పాడైతే పైపంతా పెళుసుబారాలి. పైగా ఎండను ఆపడానికే ఇందులో రెండు, మూడు శాతం మధ్య కార్బన్ బ్లాక్ కలుపుతాం. జాయింటు దగ్గర రెండంగుళాల మేర తప్ప పైపంతా బాగానే ఉంది.

లైను చివరల్లోనూ ఇదే కనిపించింది. నీళ్లు బయటికి పోకుండా పైపును మడిచి, ఎనిమిది అంకె ఆకారంలో ఉండే ఎండ్ క్యాప్‌లో దోపుతారు. కొన్ని వరసల్లో ఆ మడత మీద కూడా అదే నున్నని చీలిక. అంటే పైపును బలవంతంగా సాగదీసిన చోట, వంచిన చోట మాత్రమే పగులుతోంది. ప్లాస్టిక్‌లో ఒత్తిడి ఉన్న చోటే పగులు వస్తోందని అక్కడికక్కడే అర్థమైంది. కానీ ఒత్తిడి ప్రతి జాయింటులోనూ ఉంటుంది. అన్నీ ఎందుకు పగల్లేదు?

గట్టుకు అవతల ఉన్నది ఆయన తమ్ముడి తోట. పైపు మీద అచ్చు వేసిన లాటు నంబరు చూశాను. అదే లాటు, ఒకే లారీలో దిగిన సరుకు. బోరు నీళ్లు కూడా రెండు తోటల్లో ఒకే రకం. తమ్ముడి తోటలో వెతికి వెతికి చూసినా పగిలిన జాయింటు కనిపించలేదు. తమ్ముడు నవ్వుతూ, "మా ఇంట్లో ఉడతలు మంచివి మేడం" అన్నాడు. అన్న నవ్వలేదు.

జవాబు పక్క ఊళ్లో దొరికింది. అక్కడ ఒక కొత్త తోటలో ఫిట్టింగ్ పని జరుగుతోంది. ఇరవై ఏళ్ల కుర్రాడొకడు పైపు చివరను ప్లాస్టిక్ మగ్గులో ముంచి తీసి, జాయినర్ మీదికి తోస్తున్నాడు. మగ్గులో తెల్లగా నురగ. అదేమిటని అడిగాను.

"బట్టల పౌడర్ మేడం. ఉత్తగా ఐతే పైపు ఎక్కదు, చేతులు బొబ్బలెక్కతాయి. నురగుంటే సర్రున పోతాది." అరచేతులు చూపించాడు. నిజంగానే పాత బొబ్బలు గట్టిపడి ఉన్నాయి.

అన్న తోటలో పైపులు బిగించింది ఈ కుర్రాడి జట్టే. తమ్ముడు కూలి మిగులుతుందని, భార్యతో కలిసి తనే బిగించుకున్నాడు. ఆవిడ తోటలోనే మూడు రాళ్ల పొయ్యి మీద నీళ్లు కాచి ఇచ్చిందట. వేడినీళ్లలో ముంచిన పైపు మెత్తబడి జాయినర్ మీదికి సులువుగా ఎక్కుతుంది, చల్లారేలోగా లోపలి ఒత్తిడి కూడా కొంత సడలుతుంది. పాలిథీన్‌కు సరైన పద్ధతి అదే. ఎవరూ నేర్పకుండానే ఆ ఇల్లాలు దాన్ని కనిపెట్టింది.

లైన్ చివరల సంగతి కూడా ఆ రోజే తేలింది. చెదలు పట్టకుండా కొందరు రైతులు, పైపు నీళ్లలో మందు కలిపే వెంచురీ ద్వారా క్లోర్‌పైరిఫాస్ పంపుతున్నారు. ఆ మందు నూనెరూపంలో ఉంటుంది, నీళ్లలో కలవడానికి అందులో ఎమల్సిఫయర్లు వేస్తారు. అవీ సబ్బు జాతివే. నీళ్లు ఆపేశాక పైపులో మిగిలిందంతా మెల్లగా చివరికి చేరి, అక్కడే ఆరిపోతుంది. జాయింటు దగ్గరా అంతే. పైపులో ఎన్ని నీళ్లు పారినా, జాయినర్ గట్టుకూ పైపు గోడకూ మధ్య చిక్కుకున్న సబ్బు పొర కడుక్కుపోదు.

హైదరాబాదుకు తిరిగొచ్చి ల్యాబులో పరీక్ష మొదలుపెట్టాను. పాలిథీన్ తెలిసినవాళ్లకు ఇది పాత పరీక్షే. 38 మిల్లీమీటర్ల పొడవు, 13 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీలు పది కోస్తాం. ఒక్కోదాని మీద బ్లేడుతో కొలిచి గాటు పెడతాం. గాటు బయటివైపు ఉండేలా వంచి, పదింటినీ ఇత్తడి చట్రంలో దోపి, గాజుగొట్టంలో నిలబెడతాం. మునిగేదాకా ఇగెపాల్ అనే ద్రవం పోస్తాం. నోనైల్‌ఫినాల్ ఇథాక్సిలేట్ అనేది దాని రసాయన నామం, డిటర్జెంట్లకు దగ్గరి చుట్టం. గొట్టాన్ని 50 డిగ్రీల నీటి తొట్టిలో పెట్టి, పదిలో సగం పగలడానికి ఎన్ని గంటలు పట్టిందో రాసుకుంటాం. దీనితో పాటు అసలు పైపు ముక్కల్నీ, కొన్నింటిని సబ్బు నీళ్లతో, కొన్నింటిని వేడినీళ్లతో జాయినర్లకు ఎక్కించి, వేరుగా తొట్టిలో పెట్టాను.

ఈ పరీక్షలో మనిషి చేసేది తక్కువ, ఎదురుచూసేది ఎక్కువ. ఆ వ్యవధిలో తార్నాకలోని ఐఐసీటీ గ్రంథాలయానికి వెళ్లి పాత పత్రికలు తిరగేశాను. 1933లో ఇంగ్లండులోని విన్నింగ్టన్‌లో ఐసీఐ కంపెనీ శాస్త్రవేత్తలు ఫాసెట్, గిబ్సన్ పాలిథీన్‌ను కనుగొన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో అది రాడార్ కేబుళ్లకు ఇన్సులేషన్ అయింది. యుద్ధం ముగిశాక అమెరికాలో బెల్ టెలిఫోన్ సంస్థ సీసపు తొడుగుల స్థానంలో పాలిథీన్ తొడుగులు వేయడం మొదలుపెట్టింది. మంచి సరుకే, గట్టి సరుకే, అయినా కొన్ని తొడుగులు పగిలాయి. కేబుళ్లను భూమిలోని గొట్టాల్లోంచి లాగేటప్పుడు జారడానికి సబ్బు రాసేవారు. లోహం మీద రాసినప్పుడు ఏమీ కాని సబ్బు, పాలిథీన్ మీద ఒత్తిడితో కలిసి పగుళ్లు తెచ్చింది. బెల్ ల్యాబ్స్‌కు చెందిన డికోస్ట్, మాల్మ్, వాల్డర్ 1951లో దీని మీద పత్రం ప్రచురించారు. నేను చేస్తున్న ఆ పట్టీల పరీక్ష వాళ్ల దగ్గర పుట్టిందే. అందుకే దాన్ని ఇప్పటికీ బెల్ టెస్ట్ అంటారు.

గ్రంథాలయంలో ఆ పేజీలు చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. 1951లో న్యూజెర్సీలో తెలిసిపోయిన సంగతి ఇది. కేబుల్ లాగే కార్మికుడి చేతిలోని సబ్బూ, గార్లదిన్నె దగ్గర పైపు ఎక్కించే కుర్రాడి చేతిలోని సబ్బూ ఒకటే పని చేశాయి. మధ్యలో అర్ధ శతాబ్దం గడిచింది. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన ఆ పాఠం, పైపుతో పాటు రైతుకు ఇచ్చే కాగితం మీదికి మాత్రం రాలేదు.

ఇంతకీ సబ్బు ఏం చేస్తుంది? పాలిథీన్‌ను అది కరిగించదు, కొరికేయదు. రసాయనికంగా పైపు మారదు. పాలిథీన్‌లో పొడవాటి అణువులు కొన్నిచోట్ల వరసగా మడతపడి స్ఫటికాలుగా గట్టిపడతాయి, మధ్యలో చిందరవందరగా ఉంటాయి. ఒక స్ఫటికం నుంచి ఇంకోదానిలోకి పాకి రెంటినీ పట్టి ఉంచే అణువులు కొన్ని ఉంటాయి. పైపు బలమంతా వాటిదే. ఒత్తిడి నిలిచి ఉన్న చోట ఆ అణువులు మెల్లమెల్లగా జారుతుంటాయి. సబ్బు లోపలికి పాకితే ఆ జారుడు ఎన్నో రెట్లు వేగం పుంజుకుంటుంది. గోనెసంచి దారం తెగకుండానే కుట్టు ఊడిపోయినట్టు, అణువు తెగకుండానే పట్టు వదిలేస్తుంది. అందుకే ఆ చీలిక నున్నగా ఉంటుంది, పక్కన సాగిన జాడ ఉండదు. ఒత్తిడి ఒక్కటే ఉంటే పగలడానికి ఏళ్లు పట్టవచ్చు. ఒత్తిడి లేని పైపు సబ్బులో నానినా ఏమీ కాదు. రెండూ ఒకే చోట కలిస్తేనే పగులు పుడుతుంది.

మూడోది కూడా ఒకటుంది. అది మా ఫ్యాక్టరీలోనే ఉంది.

తొట్టిలో పెట్టిన పట్టీల్లో ఫిర్యాదులొచ్చిన లాటువి తెల్లారేసరికే పగిలి కనిపించాయి. ల్యాబులో దాచి ఉంచిన పాత లాటు పట్టీలు అదే తొట్టిలో, అదే ద్రవంలో, రోజుల తరబడి చెక్కుచెదరలేదు. జాయినర్లకు ఎక్కించిన ముక్కల్లోనూ ఇదే తేడా. కొత్త లాటుకు సబ్బు తగిలితే పగిలింది. పాత లాటుకు సబ్బు తగిలినా నిలబడింది. అంటే తప్పంతా సబ్బుది కాదు.

పైపు తీసే ఎక్స్‌ట్రూడర్ మిషన్ దగ్గర ఏళ్లుగా పనిచేస్తున్న ఆపరేటర్ని అడిగాను, ఈ మధ్య మిషన్ మీద ఏమైనా మార్పు కనిపించిందా అని. క్షణం ఆలోచించకుండా చెప్పాడు: "కొత్త మాల్ వచ్చినప్పటి సంది మోటర్ మీద లోడే పడ్తలేదు మేడమ్. నీళ్లలెక్క పోతుంది. స్పీడ్ పెంచుమన్నరు, పెంచినం."

వెంటనే రెండు లాట్ల మెల్ట్ ఫ్లో చూశాను. కరిగిన పాలిథీన్‌ను 190 డిగ్రీల వద్ద 2.16 కిలోల బరువుతో సన్నని రంధ్రంలోంచి నెట్టి, పది నిమిషాల్లో ఎన్ని గ్రాములు కారిందో కొలిచే పరీక్ష అది. కొత్త లాటు బాగా ఎక్కువ కారింది. ఎక్కువ కారిందంటే అణువులు పొట్టివని అర్థం. పొట్టి అణువులు స్ఫటికాల మధ్య గట్టిగా అల్లుకోలేవు, తొందరగా జారిపోతాయి. కొనుగోలు విభాగాన్ని అడిగితే సంగతి బయటపడింది. ధర తక్కువని కవర్ల తయారీకి వాడే ఫిల్మ్ గ్రేడ్ పాలిథీన్ కొంత కలుపుతున్నారు. ఆ మాల్‌తో మిషన్ తేలిగ్గా నడుస్తుంది, కరెంటు తక్కువ తాగుతుంది, గంటకు మీటర్లు పెరుగుతాయి. ఫ్యాక్టరీలో ప్రతి ఒక్కరికీ అది మంచి మాల్ అనిపించింది.

మరి మా పరీక్షలు దాన్ని ఎందుకు పట్టుకోలేదు? పైపు మందం సరిపోయింది. కార్బన్ బ్లాక్ సరిపోయింది. నీటి ఒత్తిడికి నిలిచింది. లాగితే సాగింది. గంటలో తేలే పరీక్షలన్నీ అది నెగ్గింది. తేలడానికి రోజులు పట్టే ఒక్క పరీక్షను మాత్రం లారీ ఆగదన్న కారణంతో ఏడాదిలో ఎప్పుడో ఒకసారి చేసేవాళ్లం. ప్రతి లాటుకూ చేయాలని నేను అంతకుముందే రాసి ఇచ్చిన కాగితం ఫైల్లోనే ఉండిపోయింది.

నా నివేదిక మీద జరిగిన మీటింగు నాకు బాగా గుర్తు. సబ్బు సంగతి వినగానే పెద్దల ముఖాలు విప్పారాయి. "మన పైపు నీళ్లకోసం చేసింది. వాళ్లు సబ్బు పూస్తే మనకేం సంబంధం? అదే రాసి పంపండి" అన్నారు ఒకరు. నివేదికలో మొదటి సగం వాళ్లకు నచ్చింది, రెండో సగం తీసేయమన్నారు. తీయనన్నాను. ఒకే ద్రవంలో, ఒకే తొట్టిలో నిలబడ్డ పాత పట్టీనీ, పగిలిన కొత్త పట్టీనీ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. "రెండూ మన పైపులే సార్. సబ్బు రెండింటికీ తగిలింది" అన్నాను. అక్కడ చాలాసేపు వాదన జరిగింది. చివరకు ప్రొడక్షన్ చూసే పెద్దాయన పగిలిన పట్టీని చేతిలోకి తీసుకుని, "రెండూ పంపండి" అని లేచాడు.

ఫిల్మ్ గ్రేడ్ కలపడం ఆగింది. ఆ పరీక్షను పైపు తయారయ్యాక కాకుండా, మాల్ సంచులు దిగగానే మొదలుపెట్టే ఏర్పాటు చేశాం. అప్పుడు లారీ ఆగాల్సిన పని లేదు. చుట్టతో పాటు ఇచ్చే కాగితం మీద జాయినర్ బొమ్మ, వేడినీళ్ల గిన్నె బొమ్మ వేయించి, సబ్బు వాడవద్దని పెద్దక్షరాల్లో రాయించాం. పగిలిన పైపులకు బదులు కొత్తవి ఇచ్చారు. కానీ అవి వెళ్లేసరికి ఆ ఎండాకాలం గడిచిపోయింది. గార్లదిన్నె తోటలో ఆ ఏడు పిందె చాలావరకు రాలిపోయిందని డీలరు చెప్పాడు. దానికి ఏ కాగితంలోనూ గడి లేదు.

ఆ తర్వాత నేను ఆ ఫ్యాక్టరీ వదిలేసి వేరేచోట్ల పనిచేశాను. ఫినైల్ డబ్బాల అడుగులు పగలడం, పురుగుమందు క్యాన్ల మెడలు చీలడం, షాంపూ సీసా మూత దగ్గర కారడం, ఎన్నో చూశాను. ప్రతిసారీ వాడినవాడి మీదికే మొదటి వేలు వెళ్లింది: కింద పడేశాడు, ఎండలో పెట్టాడు, గట్టిగా బిగించాడు. ప్రతిసారీ చీలికను విప్పి ముందు దాని ముఖం చూడమని నా దగ్గర పనిచేసే పిల్లలకు చెప్పాను. నున్నగా ఉందా, పీచుగా ఉందా? ఒత్తిడి ఎక్కడ నిలిచింది? అక్కడ ఏ ద్రవం చేరింది? మాల్ ఏది? ఈ నాలుగూ అడగకముందే కారణం రాసే హక్కు ఎవరికీ లేదు.

ల్యాబుల్లో పనిచేసే యువతీ యువకులకు ఒక మాట చెప్పాలనుంది. తొట్టిలో పట్టీ పగలకుండా ఉన్నంతకాలం మీ మీద ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది. ఇంకెంతసేపని ఫోన్లు వస్తాయి, మందం సరిపోయింది కదా అంటారు. ఆ గంటలను వదులుకోకండి. మీరు ఓపిక పట్టని గంటలన్నీ అప్పు చేసి బోరు వేసి, రెండు గంటల నీళ్లను చెట్టు చెట్టుకూ లెక్కపెట్టుకునే మనిషి మీద పడతాయి. ఆయన మీ ల్యాబు ఎప్పటికీ చూడడు, మీ సంతకాన్ని మాత్రమే నమ్ముతాడు.

బొబ్బలెక్కిన చేతులతో పైపు ఎక్కించే కుర్రాడు రేపైనా మళ్లీ మగ్గులో నురగ కలుపుతాడు. అతనికి వేడినీళ్ల సంగతి చెప్పడం మన బాధ్యత. చెప్పినా, చెప్పకపోయినా, ఆ నురగకు పగలని పైపు చేసి ఇవ్వడం అంతకంటే ముందున్న బాధ్యత.